అత్తగారి గేరువా కోళ్లు

మా పెరట్లో ఒకప్పుడు పదకొండు రంగుల కోళ్లుండేవి. ఇప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, అప్పట్లో ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లివ్వడం కంటే ముందు పెరట్లోకి తీసుకెళ్లేవాణ్ణి. కరెంటు రీడింగు తీయడానికి వచ్చినాయన కూడా నా కోళ్లను చూడకుండా బయటపడలేదు.

నేను మండపేటలో ఒక రైసుమిల్లులో కాటా దగ్గర గుమస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీలు, ట్రాక్టర్లు కాటా మీదికి ఎక్కుతాయి, దిగుతాయి. అక్కడ అన్నిటిదీ ఒకటే రంగు. ధాన్యం, తవుడు, ఊక, గోనెసంచులు, గోడలు, చివరికి నా చొక్కా, కనుబొమలు కూడా. దారిపొడుగునా చూద్దామన్నా వరి పచ్చ తప్ప ఇంకోటి లేదు. ఇంటికొచ్చి నాలుగు చెంబులు గుమ్మరించుకుని పెరట్లో కుర్చీ వేసుకుంటే, ఎర్రవి, నల్లవి, బూడిదవి, పసుపుపచ్చవి కాళ్ల చుట్టూ తిరుగుతూ ఉంటే, అప్పటికి గానీ నా కళ్లకు ప్రాణం లేచొచ్చేది కాదు.

మా వైపు కోడికి రంగే పేరు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ, బంగారు రంగుది అబ్రాసు, బూడిద కలిసిన ఎరుపైతే మైల. ఏ రోజు ఏ రంగు పుంజు ఏ రంగు పుంజు మీద గెలుస్తుందో లెక్కలు కట్టే పెద్దమనుషులు ఊరికి నలుగురైనా ఉంటారు. పండగ ముందు నెలంతా వాళ్లు మా గేటు దగ్గర ఆగి, లోపలికి తొంగి చూసి, "మీ దగ్గర లేని రంగు లేదండి!" అని వెళ్లేవారు. నేను పందేల జోలికి వెళ్లను. మా చర్చిలో సంఘ సెక్రటరీని, వెళితే ఊరుకోరు కూడా. కానీ ఆ ఒక్క మాట చెవిన పడితే నాకు రెండు రోజులు ఆకలేసేది కాదు.

"పందేలు వెయ్యను కదా, రంగులు చూసుకుంటానంతే" అని మా ఆవిడతో అనేవాణ్ణి.

"తాగను, గ్లాసులు కొనుక్కుంటానంతే అన్నట్టుందండి" అనేది ఆవిడ.

పాస్టరుగారు కూడా ఒకసారి పెరడు చూసి నవ్వారు. "సెక్రటరీగారూ, జలప్రళయం నాటి ఓడలోకి కూడా కోళ్లు ఇన్ని ఎక్కలేదండి."

"పక్షులు ఏడేసి అని ఉందండి" అన్నాను నేను, ఊరుకోకుండా.

"ఏడు అని ఉందండి. ఏడు రంగులని లేదు" అన్నారాయన. మా ఆవిడ వంటింట్లోంచి గట్టిగా "ఆయ్" అంది.

ఆవిడ అంగన్‌వాడీ టీచరు. రంగుల గొడవ ఆవిడకు పట్టదు. పట్టేది ఒకటే రంగు, గేరువా. తెల్లటి ఒంటి మీద లేత ఎరుపు. ఇటుక గోడకు ఒక్క పూత సున్నం వేస్తే లోపలి ఎరుపు పైకి కనబడుతుందే, అలా ఉంటుంది. మా పెళ్లయిన మూడో నెలలో మా అత్తగారు కోరుకొండ నుంచి రెండు బస్సులు మారి, ఒళ్లో గంప పెట్టుకుని, గేరువా పెట్టనీ పుంజునీ తెచ్చి మా పెరట్లో వదిలారు. ఆవిడ కూలిపనికి వెళ్లే మనిషి. కూతురికి బంగారం పెట్టలేదు, పెట్టలేనని ముందే చెప్పారు. ఆ కోళ్ల గుడ్లమ్మి కూతుర్ని ఇంటర్మీడియట్ దాకా చదివించారు. ఎంత ఇబ్బందిలోనైనా గుడ్లే అమ్మారు గానీ కోడిని అమ్మలేదట.

"వేరే రంగుతో కలపకండి బాబూ. రంగు కోసం కలిపితే రంగూ ఉండదు, కోడీ ఉండదు" అన్నారు ఆ రోజు నాతో. నేను తలూపాను. అప్పటికి నాకీ పిచ్చి పట్టలేదు కాబట్టి అది పెద్ద మాటలా అనిపించలేదు.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. వాళ్లమ్మ తాలూకు వస్తువంటూ మా ఆవిడ దగ్గర ఏమీ లేదు. ఒక ఫోటో ఉంది, అది కూడా ఓటరు కార్డులోంచి పెద్దది చేయించింది, మొహం సరిగ్గా తెలియదు. ఇక ఉన్నవి ఆ కోళ్లే. అందుకని నా పదకొండు రంగులకీ ఆవిడ గేరువాలకీ మధ్య చేపల చెరువు వాళ్ల దగ్గర పాత వల తెచ్చి అడ్డం కట్టించింది. అటు ఒక పుంజు, మూడు పెట్టలు. ఇటు నా జాతర. వల దాటి ఏదైనా పుంజు అటు ఎగిరితే చీపురు పట్టుకుని పరిగెత్తేది. "నీ చాదస్తం గానీ" అని నేను నవ్వేవాణ్ణి.

నా సంగతి నాకు తెలియనిది కాదు. ప్రతి ఏడూ ఉపవాస దినాల్లో, ఇంక కొత్త రంగు తేనని అనుకునేవాణ్ణి. ఆదివారం పొద్దున్న అనుకుంటే మంగళవారం రామచంద్రపురం వైపు పని తగిలేది. పని చూసుకుని రావొచ్చు కదా, సంతలో కోళ్లు అమ్మే వైపు బండి దానంతటదే తిరిగేది. ఒక రంగుంటే దానికి జోడీ కావాలి. జోడీ వస్తే రెండూ కలిస్తే ఏమొస్తుందో చూడాలి. అదొస్తే దాన్ని ఇంకోదానితో కలపాలి. గుడ్డులో ఏ రంగుందో ఇరవయ్యొక్క రోజులు తెలియదు, ఆ తర్వాత కూడా రెండు నెలల దాకా సరిగ్గా తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను పట్టుకుంది.

మిల్లులో నాతో పని చేసే మేస్త్రీకి ఒక అబ్రాసు పుంజుండేది. నిజంగా బంగారమే. ఎండలోకి వస్తే మెడ మీది ఈకలు మెరిసేవి. దాన్ని చూసినప్పటి నుంచీ నాకు ఒకటే ఆలోచన. ఆ బంగారం గేరువా మీద పడితే ఎలా ఉంటుంది? తెలుపు, లేత ఎరుపు, దాని మీద పసిడి. కాటా దగ్గర తూకం చీటీ రాస్తూ రాస్తూ వెనక్కి తిప్పి దాని మీద కోడి బొమ్మ గీసేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో తెలుసు.

ఈ ఏడాది మాఘమాసం వెళ్లాక మా ఆవిడకు రాజమండ్రిలో మూడు రోజులు ట్రైనింగు పడింది. వెళుతూ వెళుతూ గేటు దగ్గర ఆగి, "నూకలు అటు కూడా వెయ్యండి, మర్చిపోకండి" అంది. వల వైపు చూసి, నా వైపు చూసింది. ఆటో వచ్చేసింది.

రెండో రోజు మిల్లుకు సెలవు పెట్టి మేస్త్రీ దగ్గర ఆ పుంజును అడిగి తెచ్చాను. గేరువా పుంజును తీసి గంప కింద మూశాను. అబ్రాసును అటు వదిలాను. ఒక్క పూట. మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి టీ వేళ దాకా, అంతే. తర్వాత దాన్ని పట్టి, మేస్త్రీకి అప్పగించి, గేరువా పుంజును మళ్లీ దాని చోట వదిలాను. నా లెక్క నాకుంది. ఆ మర్నాడు, ఆ మర్నాడు పెట్టే గుడ్లు అబ్రాసువి. వాటిని పెన్సిలుతో గుర్తు పెట్టి తీసేస్తే, ఆ తర్వాతవన్నీ గేరువావే. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఆ రెండు రోజుల్లో వచ్చిన నాలుగు గుడ్లూ మేస్త్రీ ఇంట్లో పెట్ట కింద పెట్టించాను. అవి మురిగిపోయాయి. అంటే ఆ పూటకు నాకు దక్కిందేమీ లేదు, పోనీలే, పాపం అంటలేదు అనుకున్నాను కూడా.

మా ఆవిడ వచ్చింది. రాజమండ్రి నుంచి నాకు ఇష్టమని కోవా తెచ్చింది. ఒక ముక్క తిని, మిగతాది పొట్లం కట్టి అలమరలో పెట్టేశాను.

పది రోజులకి మా కాకి పెట్ట పొదుగుకొచ్చింది. పొదగడంలో దాన్ని మించింది మా ఇంట్లో లేదు. మా ఆవిడ గేరువా గుడ్లు పదమూడు ఏరి, వరండా మూల గంపలో ఊక పోసి, ఉరుముకి గుడ్లు చెడిపోకుండా ఒక ఇనప మేకూ రెండు బొగ్గు ముక్కలూ వేసి, దాన్ని కూర్చోబెట్టింది. వాళ్లమ్మ అలాగే చేసేదట. ఆవిడ పక్కనే నిలబడి గుడ్లు ఒక్కొక్కటే అందించింది నేనే.

ఆ వారం దాటకుండానే తెగులు తగిలింది. మొదట ఒక డేగ పెట్ట మెడ వాల్చింది. మర్నాటికి ఆరు. నీళ్లలా తెల్లగా, పచ్చగా పారడం, మెడ వెనక్కి మెలి తిరగడం, నోరు తెరిచి గాలి కోసం ఎగపీల్చడం. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు వచ్చి చూసి, "కొక్కెర తెగులండి. ఇప్పుడు చెయ్యగలిగిందేం లేదు. టీకా ముందే వేయించుకోవాలండి" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పసుపు నీళ్లు పట్టాం, వెల్లుల్లి నూరి పెట్టాం, ప్రార్థన కూడా చేశాం. కోళ్ల కోసం ప్రార్థన చేస్తే దేవుడేమనుకుంటాడోనని మా ఆవిడ మెల్లగా చేసింది. పదకొండు రంగుల్లో మిగిలింది మూడు. వలకి అటు వైపు ఏమీ మిగల్లేదు. గేరువా పుంజు ఆఖరుకి పోయింది. మా ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది, అంగన్‌వాడీకి ఆలస్యమైనా లేవలేదు.

ఆ తెగులు గాలితో వచ్చిందో, ఆ ఒక్క పూట వచ్చిన పుంజుతో వచ్చిందో నాకు తెలియదు. మేస్త్రీ కోళ్లు కూడా పోయాయి. ఎవరివి ముందు పోయాయని నేను అడగలేదు.

కాకి పెట్ట మాత్రం వరండాలో విడిగా ఉండబట్టి బతికింది. దాని కింద పదమూడు గుడ్లున్నాయి. "దేవుడు అవైనా ఉంచాడండి" అంది మా ఆవిడ. ఇరవయ్యొక్క రోజులూ నిండేదాకా మా ఇంట్లో టీవీ సౌండు పెంచలేదు, గట్టిగా తలుపు వెయ్యలేదు.

పదకొండు పిల్లలయ్యాయి. రెండు పోయి తొమ్మిది నిలబడ్డాయి. నూగులో అన్నీ లేత పసుపే, ఏమీ తెలియదు. మూడో వారం రెక్కల్లో ఈకలు రావడం మొదలైంది. పొద్దున్నే మా ఆవిడ వాటిని అరచేతిలోకి తీసుకుని రెక్క విప్పి చూసేది. నేను పళ్లు తోముకుంటూ దూరం నుంచి చూసేవాణ్ణి. ఒకదానికి రెక్క చివర పసిడి జీర. ఇంకోదానికి మెడ దగ్గర. "ఇదేంటండీ, ఇలా వస్తోంది?" అని అడిగింది. "చిన్నప్పుడు అలాగే ఉంటాయి, రాలిపోయి మళ్లీ వస్తాయి" అన్నాను. అలా అని నాకెవరు చెప్పారు?

ఆ రోజే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఎవరికో అయినట్టు అడిగాను. ఆయన అటూ ఇటూ తిప్పకుండా చెప్పారు. "పెట్ట ఒక్కసారి పుంజుతో కలిస్తే ఆ బీజం లోపల రెండు మూడు వారాలు నిలవుంటుందండి. పుంజును తీసేసినా గుడ్లు దానివే కావచ్చు. కొన్ని దానివి, కొన్ని దీనివి కూడా అవుతాయి." ఇన్నేళ్లు రంగుల మీద ఊరందరికీ ఉపన్యాసాలిచ్చిన నాకు ఆ ముక్క తెలియదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పాను. ఆవిడ ఆనపకాయ కోస్తోంది. నేను చెప్పినంతసేపూ కత్తిపీట ఆగలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఒక్క పూటేనా?"

"ఒక్క పూటే."

"మా అమ్మ ముప్పై ఏళ్లు కాసిందండి" అంది. ముక్కలు నీళ్లలో వేసి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. అలాగే కలుపుకుని తినేశాను.

మర్నాడే బండి వేసుకుని కోరుకొండ వెళ్లాను. అక్కడ మా బావమరిది ఉన్నాడు, వాళ్లమ్మ కోళ్లు ఒక్క జతైనా ఉండకపోతాయా అనుకున్నాను. అతను మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, నేనడిగింది విన్నాడు.

"అమ్మ జ్ఞాపకార్థ కూడికకి కోయించేశాం కదండీ బావగారూ. అన్నీ ఆ రోజు కూరలోకే పోయాయి. మీరు బాగుందని కూడా అన్నారు."

అన్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఏటా కోత పండక్కి మా ఆవిడ చర్చికి ఒక గేరువా పెట్టను కానుకగా ఇచ్చేది. కానుకలు వేలం వేస్తారు, ఎవరో ఒకరు పాడుకుంటారు. సెక్రటరీని కాబట్టి ఎవరు పాడుకున్నారో నా పుస్తకంలోనే ఉంది. ఆ ఇళ్లన్నీ తిరిగాను. "నాటుకోడి కదండీ, ఆ పూటే వండేసుకున్నాం" అన్నారు అందరూ, అదేదో తప్పయినట్టు మొహమాటపడుతూ. తప్పు వాళ్లది కాదని ఎలా చెప్పను?

రెండు నెలలకు రంగులు తేలాయి. తొమ్మిదింటిలో ఏడు అబ్రాసు కలిసినవి. రెండు మాత్రం అచ్చం గేరువా, మచ్చ లేకుండా. అందులో ఒకటి కాళ్లు పొడుగ్గా, ఛాతీ ముందుకు పెట్టి నడిచేది. తురాయి ఎరుపెక్కింది. "పుంజేనండి" అంది మా ఆవిడ. ఆ ఆదివారం తర్వాత నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మాట అది. "మా అమ్మ కూడా ఒక్క జతతోనే మొదలెట్టింది."

ఆ రెండింటినీ మళ్లీ వలకి అటు వైపు పెట్టాం. ఈసారి టీకాలు వేయించాం, కంట్లో చుక్కలు వేస్తుంటే నేనే పట్టుకున్నాను. పొడుగు కాళ్లదానికి వేరుశెనగ పప్పులు, రాగులు. అది మెడ ఎత్తి గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేస్తే, కూత పట్టబోతోందని ఇద్దరం పని వదిలేసి నిలబడేవాళ్లం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మిగతా ఏడింటిలో ఒక పుంజు పెరిగింది. తెల్లటి రొమ్ము మీద లేత ఎరుపు, మెడ నిండా పసిడి, తోకలో ఒక్కటే నల్ల ఈక. తూకం చీటీల వెనక నేను గీసిన కోడి సరిగ్గా అదే. నా జన్మలో అంత అందమైన కోడిని పుట్టించలేదు. దాన్ని చూస్తే నా మీద నాకు అసహ్యం వేసేది, వేస్తూనే చూస్తూ ఉండేవాణ్ణి. ఒక రోజు సిగ్గు లేకుండా ఫోనులో నాలుగు ఫోటోలు తీశాను. అంగన్‌వాడీ పిల్లల ఫోటోలు పంపడానికి మా ఆవిడ నా ఫోను తీసుకుంది. ఫోటోలు చూసింది. "బాగుందండి" అంది, ఫోను తిరిగిచ్చేసింది.

మొన్న వినాయక చవితి సెలవు రోజున పెరట్లోంచి నన్ను పిలిచింది. కంగారుగా కాదు, మామూలుగానే పిలిచింది. వెళ్లాను. వల అవతల గంపలో ఊక మీద ఒక గుడ్డు ఉంది. చిన్నది, మొదటి గుడ్డు. జతలోని చిన్న పెట్ట పెట్టిందనుకుని నాకు సంతోషం వేసింది, పైకి అన్నాను కూడా.

"అది కాదండి" అంది మా ఆవిడ.

పొడుగు కాళ్లది గంప అంచు మీద నిలబడి ఉంది. గుడ్డు పెట్టిన పెట్ట అరిచే అరుపు అరుస్తోంది. ఆపకుండా, పెరడంతా వినబడేట్టు. ఇన్నేళ్లలో పుంజుకీ పెట్టకీ తేడా తెలియనివాణ్ణి కాదు నేను. పుంజే కావాలనుకున్నాం కాబట్టి కనబడలేదు.

ఆవిడ గుడ్డు చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది. దానికి తండ్రి లేడు, పొదిగినా పిల్ల కాదు. రెండూ పెట్టలే. పుంజు లేకపోతే ఈ రెండింటితో సరి. పుంజును వేస్తే ఏ రంగు వేసినా పుట్టేవి వాళ్లమ్మ కోళ్లు కావు. వలకి ఇటు వైపు నా కాకి పుంజు ఉంది, మైల పుంజు ఉంది, ఏడింట్లో మిగిలిన పుంజులున్నాయి, పసిడి మెడది వల పక్కనే నిలబడి అటు చూస్తోంది.

"ఏ రంగు వేద్దామంటారు?" అని అడిగింది.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది. జీవితమంతా ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడగాలని చూశాను. కాటా దగ్గర కూర్చుని వంద జవాబులు తయారు చేసుకున్నాను.

"నువ్వే చెప్పు" అన్నాను.

"నాకేం తెలుసండి? రంగులు తెలిసింది మీకే కదా" అంది. ఆ గుడ్డు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టింది. ఇవాళ్టికీ అది అందులోనే ఉంది.